పద్నాలుగేళ్లకు జామీను, పదిహేడేళ్లకు కత్తి: రోమ్, కార్తేజ్ యుద్ధాల నడుమ పిల్లల బతుకు

క్రీ.పూ. 209లో రోమన్ సేనాని పబ్లియస్ కార్నీలియస్ స్కిపియో స్పెయిన్ తీరంలో కొత్త కార్తేజ్ అనే కోటనగరాన్ని పట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని కార్తహేనా అంటారు. ఖజానా, ఓడలు, ఆయుధాల కొట్లతో పాటు మూడు వందల మందికి పైగా మనుషులు కూడా అతని చేతికి చిక్కారు. స్పెయిన్ తెగల నాయకుల ఇళ్లవాళ్లు వీళ్లు: భార్యలు, కూతుళ్లు, కొడుకులు. స్కిపియో పిల్లలను ఒక్కొక్కరినే దగ్గరకు పిలిచి, తల నిమిరి, భయపడవద్దనీ కొద్ది రోజుల్లో అమ్మానాన్నలను చూస్తారనీ చెప్పాడు. ఆడపిల్లలకు నగలు, కడియాలు ఇచ్చాడు. మగపిల్లలకు బాకులు ఇచ్చాడు.

వాళ్లలో ఒక పెద్దావిడ, మండోనియస్ అనే నాయకుడి భార్య, స్కిపియో కాళ్ల మీద పడింది. కార్తేజ్ వాళ్లకంటే మర్యాదగా చూడమని వేడుకుంది. తిండికీ బట్టకూ లోటు జరిగిందేమో అనుకుని అతను బందీల బాగోగులు చూసే మనుషులను పిలిపించాడు. ఆవిడ మళ్లీ ఏడ్చింది. మా బాధ కడుపు కోసం అనుకుంటే మీరు పొరబడినట్టే అంది. అప్పుడు అతని చూపు అక్కడున్న పడుచుపిల్లల మీద పడింది. సంగతి అర్థమై కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత తోబుట్టువుల్లా, కన్నబిడ్డల్లా చూసుకుంటానని మాటిచ్చాడు. అప్పటికి స్కిపియోకే ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్లు.

ఈ దృశ్యాన్ని మనకు అందించినవాడు గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్. చదివిన ప్రతిసారీ నాకు ఒక్కటే ప్రశ్న. ఏ యుద్ధమూ చేయని ఈ పిల్లలు ఆ కోటలో ఎందుకున్నారు? రోమ్, కార్తేజ్ యుద్ధాల గురించి మనం సాధారణంగా చదివేది సేనానుల ఎత్తులూ ఏనుగుల దండూ. పిల్లల వయసు చేతిలో పెట్టుకుని అదే చరిత్రను చూస్తే, ఆ యుద్ధాలు నడిచిన తీరు కొంత తేటపడుతుంది.

మూడు యుద్ధాలు, నాలుగైదు తరాలు

కార్తేజ్ ఉత్తర ఆఫ్రికా తీరపు నగరం. నేటి ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పక్కనే దాని శిథిలాలున్నాయి. ఇప్పటి లెబనాన్ తీరంలోని టైర్ నగరం నుంచి వచ్చిన ఫినీషియన్ వర్తకులు దాన్ని కట్టారు. సంప్రదాయం చెప్పే తేదీ క్రీ.పూ. 814. వాళ్ల భాషలో ఆ పేరుకు అర్థం ‘కొత్త ఊరు’. మన కొత్తూరు లాంటిదే. స్పెయిన్‌లో కట్టుకున్న కొత్త కార్తేజ్ ఆ లెక్కన ‘కొత్త కొత్తూరు’ అవుతుంది. ఫినీషియన్లను లాటిన్‌లో పోయెనీ అనీ, వాళ్లకు చెందినదాన్ని పూనికస్ అనీ అనేవారు కనుక ఈ యుద్ధాలకు ప్యూనిక్ యుద్ధాలని పేరు వచ్చింది. అంటే పేరు కూడా గెలిచినవాళ్లు పెట్టిందే.

మొదటి యుద్ధం క్రీ.పూ. 264 నుంచి 241 వరకు సాగింది. సిసిలీ దీవి కోసం జరిగిన ఆ పోరులో కార్తేజ్ ఓడి, 3,200 టాలెంట్ల వెండి పరిహారంగా చెల్లించడానికి ఒప్పుకుంది. టాలెంట్ అంటే తూకం, సుమారు 26 కిలోలు. ఆ వెంటనే జీతాలందని కిరాయి సైనికులు కార్తేజ్ మీదే తిరగబడ్డారు. ఆ కష్టకాలం చూసి రోమ్ సార్డీనియా దీవిని లాక్కుంది, పైగా మరో 1,200 టాలెంట్లు అడిగింది. పోయినదాన్ని మరోచోట పూడ్చుకోవడానికి క్రీ.పూ. 237లో హమిల్కార్ బార్కా స్పెయిన్ బయలుదేరాడు. తొమ్మిదేళ్ల కొడుకు హానిబల్‌ను వెంట తీసుకెళ్లాడు. రెండో యుద్ధం 218 నుంచి 201 వరకు, మూడోది 149 నుంచి 146 వరకు. మొత్తం 118 ఏళ్లు. ముత్తాత కాలంలో మొదలైన గొడవ మునిమనవడి కాలంలో తీరింది.

క్రీస్తుపూర్వపు సంవత్సరాలు వెనక్కి నడుస్తాయి కాబట్టి వయసు లెక్కలో చాలామంది తడబడతారు. పుట్టిన ఏడు పెద్ద అంకె, తరవాతి ఏడు చిన్న అంకె. హానిబల్ పుట్టింది 247లో. స్కిపియో పుట్టింది 236 ప్రాంతంలో. అంటే ఇద్దరికీ దాదాపు పదకొండేళ్ల తేడా. పుట్టిన నెల తెలియని చోట ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది.

‘జామీను బందీ’ అంటే ఎవరు

నేటి వార్తల్లో బందీ అంటే దుండగులు పట్టుకుపోయిన మనిషి. ప్రాచీన మధ్యధరా ప్రపంచంలో ఆ మాటకు వేరే అర్థం ఉండేది. రెండు రాజ్యాలు సంధి చేసుకుంటే, మాట తప్పబోమన్నదానికి పూచీగా బలహీనపక్షం తన పెద్దింటి పిల్లలను బలమైన పక్షానికి అప్పగించేది. అప్పుకు పొలం తాకట్టు పెట్టినట్టు, సంధికి బిడ్డను తాకట్టు పెట్టడం. అది బహిరంగంగా, అందరి ఎదుటా, రాతపూర్వకంగా జరిగే పని. మనకు దగ్గరి ఉదాహరణ 1792 నాటి శ్రీరంగపట్నం సంధి. టిప్పు సుల్తాన్ తన ఇద్దరు చిన్న కొడుకులను కార్న్‌వాలిస్‌కు అప్పగించింది ఆ సంధిలోనే. కడప ప్రాంతం నిజాం చేతికి వెళ్లిందీ అదే సంధిలో.

కొత్త కార్తేజ్‌లో దొరికిన పిల్లలు ఇలాంటి జామీను బందీలే. స్పెయిన్ తెగలు తమవైపే ఉండాలని కార్తేజ్ ఆ నాయకుల పిల్లలను తెచ్చి కోటలో పెట్టింది. ఇందులో ఒక చిక్కుంది. పూచీగా ఉన్న బిడ్డ ఎవరి చేతికి మారితే, తండ్రి విధేయత కూడా వాళ్ల చేతికే మారుతుంది. క్రీ.పూ. 217లో స్పెయిన్‌లోని సగుంటమ్ నగరం దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. అబిలిక్స్ అనే స్థానిక నాయకుడు కార్తేజ్ అధికారి బోస్టార్‌ను నమ్మించి బందీ పిల్లలను బయటకు తెచ్చాడు. ఆపై వాళ్లను రోమన్లకు అప్పగించాడు. రోమన్లు వాళ్లను ఇళ్లకు పంపి, ఆ తెగల మెప్పు పొందారు. స్కిపియో కడియాలనూ బాకులనూ ఈ వెలుగులో చూడాలి. అతని కన్నీళ్లు అబద్ధమని నేను అనను. ఆ దయ వల్ల అతనికి ఒక సైన్యమంత లాభం ఉందన్నది కూడా నిజమే. అప్పటి పిల్లల తలరాతలో ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి.

రోమ్ కుర్రవాడికి పదిహేడు నిండితే

రోమ్‌లో స్వతంత్రుల ఇంట పుట్టిన మగపిల్లవాడి మెడలో బుల్లా అనే తాయెత్తు వేలాడేది. ఒంటికి చుట్టుకునే టోగా అనే వస్త్రాన్ని ఊదారంగు అంచుతో కట్టేవాడు. పెద్దవాడయ్యే రోజున ఆ తాయెత్తును ఇంటి దేవతలకు సమర్పించి, అంచులేని తెల్ల టోగా కట్టుకునేవాడు. సైన్యం దృష్టిలో పెద్దరికం పదిహేడో ఏట మొదలై నలభై ఆరు వరకు ఉండేది. పాలీబియస్ చెప్పినదాని ప్రకారం ఆ మధ్యలో కాల్బలం సైనికుడు 16 దండయాత్రలు చేయాలి, అత్యవసరమైతే 20.

కొత్తగా చేరినవాళ్లలో చిన్నవాళ్లను, పేదవాళ్లను ముందువరసలో తేలికపాటి ఆయుధాలతో నిలబెట్టేవారు. వాళ్లను వేలిటీలు అనేవారు. చేతిలో మూడడుగుల గుండ్రటి డాలు, కత్తి, విసిరే ఈటెలు. శిరస్త్రాణం మీద కొందరు తోడేలు తోలు కప్పుకునేవారు. రక్షణ కోసం ఒకటి, దూరం నుంచి అధికారి గుర్తుపట్టి ఎవడు ధైర్యంగా పోరాడాడో చూడటం కోసం మరొకటి. ఈ వివరం దగ్గర నేను ఆగిపోతాను. పదిహేడేళ్ల కుర్రవాడు పెద్దల కంట పడాలన్న తపనతో తోడేలు తోలు నెత్తిన వేసుకుని అందరికంటే ముందు నిలబడటం! జీతం రోజుకు రెండు ఓబోల్‌లు (ఓబోల్ అంటే చిన్న గ్రీకు నాణెం). అందులో నుంచే తిండిగింజలకు, బట్టకు కోత.

ఈ పదిహేడేళ్ల నియమం క్రీ.పూ. 216 ఆగస్టు 2న దక్షిణ ఇటలీలోని కన్నే మైదానంలో కుప్పకూలింది. ఇటలీ మీదికి దండెత్తి వచ్చిన హానిబల్ రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టి ఒక్క రోజులో నరికేశాడు. చనిపోయినవాళ్లు పాలీబియస్ లెక్కలో 70,000 దాకా, లాటిన్ చరిత్రకారుడు లివీ లెక్కలో సుమారు 48,000. ఆధునిక పరిశోధకుల్లో ఎక్కువమంది లివీ అంకెకు దగ్గరగా ఉంటారు. ఏ అంకె తీసుకున్నా, రోమ్‌లో ఏడుపు లేని ఇల్లు లేదు. తల్లులు, భార్యలు ముప్పై రోజులకు మించి శోకం పాటించకూడదని రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ హద్దు పెట్టాల్సి వచ్చింది.

సైన్యాన్ని మళ్లీ కూర్చడానికి పదిహేడు నిండినవాళ్లతో పాటు ఇంకా ఊదా అంచు టోగా వదలని పిల్లలను కూడా తీసుకున్నారని లివీ రాశాడు. ప్రభుత్వం తన డబ్బుతో 8,000 మంది బలమైన యువ బానిసలను కొని, ఒక్కొక్కరినీ ఇష్టమేనా అని అడిగి ఆయుధం ఇచ్చింది. గుళ్లలో విజయచిహ్నాలుగా వేలాడుతున్న పాత ఆయుధాలను దించి పంచారు. ఆ బానిసలకు రెండేళ్ల తరవాత దక్షిణ ఇటలీలోని బెనెవెంటమ్ దగ్గర స్వేచ్ఛ దొరికింది. శత్రువు తల తెచ్చినవాడికి విడుదల అని సేనాని గ్రాకస్ ముందే ప్రకటించాడు. పోరు మధ్యలో కుర్రవాళ్లు ఒక చేత తల పట్టుకుని, దాన్ని వదల్లేక, రెండో దెబ్బ వేయలేక నిలబడిపోయారు. తలలు పారేసి పోరాడండి, స్వేచ్ఛ ఖాయం అని అతను ఆజ్ఞ మార్చాల్సి వచ్చింది.

క్రీ.పూ. 212 నాటికి మరో అడుగు. ముగ్గురేసి సభ్యుల రెండు బృందాలు పల్లెలు, సంతలు తిరిగి, పదిహేడు నిండకపోయినా ఆయుధం మోయగలిగేలా కనబడిన ప్రతి కుర్రవాణ్ణీ చేర్చుకున్నాయి. అయితే ఒక రాయితీ ఇచ్చారు. చిన్న వయసులో చేరినవాడి ఏళ్లను పదిహేడుకు చేరినట్టే సర్వీసులో లెక్కిస్తారు. పిల్లవాడి చేత పెద్దపని చేయిస్తున్నామని పాలకులకు తెలుసుననడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఒక కుర్రవాడి లెక్క చేసి చూద్దాం

క్రీ.పూ. 233లో పుట్టిన ఒక రైతు కొడుకును ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. 216లో అతనికి పదిహేడేళ్లు. కన్నేలో పోరాడి ప్రాణాలతో బయటపడ్డాడు. బతికి రావడమే అతని నేరమైంది. కన్నే నుంచి తప్పించుకున్నవాళ్లను సెనేట్ సిసిలీకి పంపింది. శత్రువు ఇటలీలో ఉన్నంతకాలం స్వదేశానికి తిరిగి రాకూడదు. చలికాలంలో పట్టణాల్లో ఉండకూడదు, ఏ ఊరికైనా పది మైళ్ల లోపు విడిది కట్టుకోకూడదు అని తరవాత మరో నిబంధన చేర్చింది.

212లో, అతనికి ఇరవై ఒకటి నిండినప్పుడు, ఈ సైనికులు సేనాని మార్సెలస్‌కు విన్నవించుకున్నారు. ఓడిన సేనకు నాయకుడైన వర్రో రాజధానికి తిరిగి వెళ్తే, రాజ్యం మీద ఆశ వదులుకోనందుకు ధన్యవాదాలు చెప్పారు. మాకెందుకీ శిక్ష? సెనేట్ వినలేదు. 204లో స్కిపియో ఈ పాత దళాలను ఆఫ్రికాకు తీసుకెళ్లాడు. మన కుర్రవాడికి ఇరవై తొమ్మిది. 202లో ఆఫ్రికాలోనే, జామా యుద్ధంలో హానిబల్ ఓడిన రోజున ముప్పై ఒకటి. పదిహేడుకు ఇల్లు వదిలినవాడు పద్నాలుగేళ్ల తరవాత కూడా ఇల్లు చూడలేదు.

ఇలాంటివాళ్లు ఎంతమంది? రోమన్ పౌరుల జాబితాలో 234 ప్రాంతంలో దాదాపు 2,70,000 మంది పురుషులుంటే, 208లో 1,37,108 మంది అని లివీ అంకె. సగం మగవాళ్లు చచ్చిపోయారని దీన్ని నేరుగా చదివేవాళ్లు ఉన్నారు. ఆ అర్థం నిలవదని ఎక్కువమంది పరిశోధకులు అంటారు. దూరదేశాల్లో ఉన్న సైనికులను జాబితాకు ఎక్కించలేదు, కాపువా వంటి పట్టణాలు శత్రువు వైపు వెళ్లి లెక్కనుంచి జారిపోయాయి, చేతిరాత ప్రతుల్లో అంకె చెడి ఉండొచ్చు కూడా. 204 జాబితాలో మళ్లీ 2,14,000 కనబడటం వీళ్ల వాదనకు బలం. నాకు ఈ రెండో వాదనే సబబుగా తోస్తుంది.

కార్తేజ్ వైపు పోరాడింది ఎవరి పిల్లలు

కార్తేజ్ పద్ధతి వేరు. నగర పౌరులు విదేశాల్లో పోరాడటం తక్కువ. లిబియా రైతులు, స్పెయిన్ తెగలు, న్యుమిడియా గుర్రపురౌతులు, గాల్ (నేటి ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ ప్రాంతాల) యోధులు వాళ్ల సైన్యం. కాబట్టి ‘కార్తేజ్ కుర్రవాడు’ అంటే చాలాసార్లు కార్తేజ్‌ను ఎన్నడూ చూడని కుర్రవాడే. స్పెయిన్ తూర్పు తీరానికి ఎదురుగా ఉన్న బలెయారిక్ దీవుల పిల్లలకు పసితనం నుంచే వడిసెల అలవాటు చేసేవారు. తల్లి రొట్టెముక్కను గురిగా పెట్టేది. వడిసెల రాయితో దాన్ని కొట్టేదాకా పిల్లవాడికి తిండి లేదు. పెద్దయ్యాక మూడు వడిసెలలు దగ్గర ఉంచుకునేవారు: తలకు ఒకటి, నడుముకు ఒకటి, చేతిలో ఒకటి. ఆకలితో నేర్చిన ఆ గురి కోసమే కార్తేజ్ డబ్బిచ్చేది.

న్యుమిడియా అంటే నేటి అల్జీరియా తూర్పు ప్రాంతం. అక్కడి రాజకుమారుడు మసినిస్సా కార్తేజ్ పక్షాన స్పెయిన్‌లో పోరాడుతున్నప్పుడు, మసీవా అనే మేనల్లుడు అతని వెంట ఉండేవాడు. తండ్రి లేని పిల్లవాడు, తాత గాలా ఇంట పెరిగాడు. వయసు చాలదని మేనమామ యుద్ధానికి వెళ్లనివ్వలేదు. క్రీ.పూ. 208లో బైకులా పోరు జరిగిన రోజున అతనికి తెలియకుండా గుర్రం, ఆయుధాలు తీసుకుని రంగంలోకి దూకాడు. గుర్రం తొట్రుపడి కింద పడేసింది. రోమన్లకు చిక్కాడు. బందీలను బానిసలుగా అమ్ముతున్న అధికారి ఈ పిల్లవాడి తీరు చూసి, రాజవంశీకుడని తెలుసుకుని స్కిపియో దగ్గరికి పంపాడు. మామయ్య దగ్గరికి వెళ్తావా అని స్కిపియో అడిగితే ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. బంగారు ఉంగరం, వెడల్పు చారల అంగీ, బంగారు పిన్నుతో స్పానిష్ శాలువా, అలంకరించిన గుర్రం ఇచ్చి, రౌతులను తోడిచ్చి పంపించారు. రెండేళ్లకు మసినిస్సా రోమ్ వైపు తిరిగాడు. జామా మైదానంలో హానిబల్‌ను వెనక నుంచి దెబ్బతీసింది అతని గుర్రాలే.

ఆ రోజు అదే వరసలో నిలబడ్డ మిగతా ఆఫ్రికన్ బందీలు మాత్రం అమ్ముడుపోయారు.

తొమ్మిదేళ్ల పిల్లవాడి ప్రమాణం: నిజమా, అల్లినదా

ఈ యుద్ధాల్లో అందరికీ తెలిసిన బాల్యకథ హానిబల్ ప్రమాణం. స్పెయిన్ బయలుదేరే ముందు హమిల్కార్ బలి ఇస్తూ, నాతో వస్తావా అని కొడుకును అడిగాడు. పిల్లవాడు ఉత్సాహంగా సరేనన్నాడు. తండ్రి చేయి పట్టుకుని బలిపీఠం దగ్గరకు తీసుకెళ్లి, బలి మీద చేయి వేయించి ప్రమాణం చేయించాడు. పాలీబియస్ రాతలో ఆ ప్రమాణం ‘రోమన్లతో ఎన్నడూ స్నేహం చేయను’ అని. వందేళ్లకు పైగా గడిచాక లివీ రాతలో అది ‘వీలైనంత త్వరగా రోమ్‌కు శత్రువునవుతాను’ అని మారింది. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. ఒకటి తండ్రి జాగ్రత్త, మరొకటి తండ్రి పగ.

అసలు ఇది జరిగిందా? అనుమానించేవాళ్ల వాదన గట్టిదే. ఈ కథ బయటకు వచ్చింది క్రీ.పూ. 193 ప్రాంతంలో, సిరియా రాజు మూడో ఆంటియోకస్ కొలువులో, హానిబల్ నోటనే. అప్పటికి అతను దేశం వదిలి వచ్చినవాడు. రోమన్ రాయబారులతో మాట్లాడుతున్నాడని రాజుకు అనుమానం వచ్చింది. నేను రోమ్‌కు మిత్రుణ్ణి కాలేనని నిరూపించుకోవడానికి ఇంతకంటే మంచి కథ ఉండదు. నమ్మేవాళ్లు, బలి దగ్గర పిల్లల చేత ఒట్టు వేయించడం ఆ కాలంలో వింత కాదనీ, విషయాన్ని ఆచితూచి రాసే పాలీబియస్ దీన్ని అంగీకరించాడనీ అంటారు. ఒట్టు జరిగి ఉండొచ్చని నా ఉద్దేశం. కానీ యుద్ధానికి ఒట్టే కారణమని చెప్పడం సరికాదు. సార్డీనియా దోపిడీ, స్పెయిన్ వెండి గనులు, సగుంటమ్ మీద హక్కుల తగాదా లేకపోతే ఆ ఒట్టు ఇంటి ముచ్చటగా మిగిలేది.

స్కిపియోకూ ఇలాంటి కథ ఉంది. క్రీ.పూ. 218లో టికీనస్ నది దగ్గర గాయపడి చుట్టుముట్టబడిన తండ్రిని పదిహేడేళ్ల స్కిపియో గుర్రం దూకించి కాపాడాడు. పాలీబియస్‌కు ఇది చెప్పింది స్కిపియో ప్రాణస్నేహితుడు లీలియస్. అయితే కాపాడింది లిగూరియాకు చెందిన ఒక బానిస అని కీలియస్ అనే పాత రచయిత రాసినట్టు లివీ కూడా నమోదు చేశాడు. లివీ మొగ్గు కొడుకు వైపే. ఒక బానిస చేసిన పనిని కొడుకు ఖాతాలో వేయడానికి కారణాలుంటాయి, కొడుకు చేసినదాన్ని బానిస ఖాతాలో వేయడానికి కారణాలు తక్కువ. ఈ ఒక్క కోణం వల్ల ఆ బానిస వెర్షన్‌ను కొట్టిపారేయడం నాకు కష్టం.

పెళ్లి కూడా సంధే

ఆడపిల్లల విషయంలో పూచీకి మరో పేరు పెళ్లి. కార్తేజ్ సేనాని హస్డ్రుబల్ గిస్కో కూతురు సోఫొనిస్బాను న్యుమిడియాకు చెందిన సిఫాక్స్ రాజుకు ఇచ్చి చేశారు. అతను కార్తేజ్ వైపే ఉండాలన్నది లెక్క. పాలీబియస్ ఆమెను గురించి వాడిన గ్రీకు మాటకు ‘చిన్నపిల్ల’ అని అర్థం. క్రీ.పూ. 203లో సిఫాక్స్ ఓడి పట్టుబడ్డాడు. కిర్తా నగరం ప్రవేశించిన మసినిస్సా ఆ రోజే ఆమెను పెళ్లాడాడని లివీ కథ. వాళ్లిద్దరికీ ముందే నిశ్చితార్థం జరిగిందని, తరవాతి కాలపు గ్రీకు చరిత్రకారుడు అప్పియన్ వంటివాళ్ల కథ. రోమ్‌కు ఆమె మీద యుద్ధబందీగా హక్కుందని స్కిపియో పట్టుబట్టాడు. మసినిస్సా ఆమెను అప్పగించలేదు, కాపాడనూ లేదు. విషం పంపాడు. ఆమె తాగింది. మర్నాడు స్కిపియో మసినిస్సాను రాజా అని సంబోధించి, బంగారు కిరీటం బహూకరించాడు.

పద్నాలుగు నుంచి ముప్పై: సంధిలో రాసిన వయసు

జామా ఓటమి తరవాత 201 నాటి సంధిలో కార్తేజ్ ఏనుగులన్నీ, పది తప్ప యుద్ధనౌకలన్నీ అప్పగించాలి. రోమ్ అనుమతి లేకుండా ఆఫ్రికాలో కూడా యుద్ధం చేయకూడదు. యాభై ఏళ్లలో 10,000 టాలెంట్లు కట్టాలి. పద్నాలుగేళ్లకు తక్కువ కాకుండా, ముప్పైకి మించకుండా ఉన్న వంద మంది బందీలను ఇవ్వాలి. వాళ్లను ఎంపిక చేసేది రోమన్ సేనాని. ఈ షరతులు విని ఒక సభ్యుడు వ్యతిరేకంగా మాట్లాడబోతే హానిబల్ అతన్ని వేదిక మీంచి కిందికి లాగేశాడు. సభ మండిపడింది. తొమ్మిదేళ్లకు ఈ ఊరు వదిలాను, నలభై ఐదు దాటాక తిరిగి వచ్చాను, ఇక్కడి మర్యాదలు తప్పితే క్షమించండి అని అతను వేడుకున్నాడు. యుద్ధం మింగేసిన బాల్యాన్ని గురించి ఇంత సూటి మాట ఈ చరిత్రలో మరెక్కడా నాకు కనబడదు. ఆ పూట అతను ఒప్పించింది మరో వంద మందిని ఇల్లు కదిలించే కాగితానికి.

పరిహారం బరువు ఎంతో లెక్క వేద్దాం. ఏడాదికి 200 టాలెంట్లు, అంటే సుమారు 5,200 కిలోల వెండి. ఒక టాలెంట్‌కు 36,000 ఓబోల్‌లు. సైనికుడి రోజు జీతం రెండు ఓబోల్‌లు కనుక ఒక టాలెంట్ 18,000 రోజుల జీతం. 200 టాలెంట్లతో దాదాపు 9,900 మందిని ఏడాదంతా పోషించొచ్చు. రెండు రోమన్ లీజియన్ల (పెద్ద సైనికదళాల) కాల్బలం కంటే అది ఎక్కువ. కార్తేజ్ పిల్లవాడు తన ఊరి సొమ్ముతో శత్రుసైన్యం జీతం నడుస్తుండగా పెరిగాడన్నమాట. 199లో తొలి వాయిదా వెండిని కరిగిస్తే నాలుగో వంతు కల్తీ తేలింది. రాయబారులు రోమ్‌లోనే అప్పు చేసి పూడ్చారు. మరోవైపు 191లో కార్తేజ్ మిగతా బాకీ ఒక్కసారే కట్టేస్తానంటే రోమ్ వద్దంది. బాకీ తీరిపోతే పట్టు పోతుంది.

బందీలను చెరసాలలో పెట్టలేదు. నోర్బా, సేటియా వంటి ఇటలీ పట్టణాల్లో, వాళ్ల హోదాకు తగ్గట్టు నౌకర్లతో ఉంచారు. 198లో సేటియాలో వాళ్ల బానిసలు స్థానిక బానిసలతో కలిసి తిరుగుబాటుకు సిద్ధపడ్డారన్న సమాచారం బయటపడ్డాక కాపలా బిగిసింది. 199లో వంద మంది, 181లో మరో వంద మంది ఇళ్లకు చేరారు. ఒప్పందంలో ఉన్నదే వంద కనుక ఈ అంకెలు కలవవు. బృందాలు మారుతూ వచ్చాయన్నది ఒక వివరణ. సిరియాతో 188లో చేసుకున్న సంధిలో మూడేళ్లకోసారి బందీలను మార్చే నియమం ఉంది కనుక ఇది నమ్మదగ్గదే. మార్పు జరిగి ఉంటే మూడు నాలుగేళ్ల ప్రవాసం. జరగకపోతే, పద్నాలుగేళ్లకు ఓడ ఎక్కినవాడు ముప్పై నాలుగేళ్లకు దిగాడు.

మూడు వందల మంది, ఒక ఓడల కొట్టం

చివరి వాయిదా 151లో తీరింది. అప్పటికే ఎనభై దాటిన మసినిస్సా కార్తేజ్ పొలాలను ముక్క ముక్కగా ఆక్రమిస్తున్నాడు. కార్తేజ్ ఎదురు తిరిగింది. రోమ్ అనుమతి లేకుండా యుద్ధం చేసిందన్న నెపం దొరికింది. 149లో సెనేట్ కోరింది ఇది: ముప్పై రోజుల్లో పెద్దల ఇళ్ల పిల్లలు మూడు వందల మందిని సిసిలీలోని లిలిబేయమ్‌కు పంపితే నగరానికి స్వేచ్ఛ, భూమి, చట్టాలు మిగులుతాయి.

పంపారు. రేవులో తల్లులు ఓడల తాళ్లు పట్టుకుని వేలాడారనీ, నావికుల కాళ్లకు అడ్డం పడ్డారనీ, కొందరు ఓడ వెంట చాలా దూరం ఈదారనీ అప్పియన్ రాశాడు. పిల్లలు అందాక రెండో కోరిక వచ్చింది: ఆయుధాలన్నీ ఇవ్వండి. రెండు లక్షల మందికి సరిపడే కవచాలు, రెండు వేల రాళ్లు విసిరే యంత్రాలు బండ్ల మీద తోలి అప్పగించారు. మూడో కోరిక: ఊరు ఖాళీ చేసి సముద్రానికి పదిహేను కిలోమీటర్లు లోపల ఎక్కడైనా కట్టుకోండి. అప్పుడు కార్తేజ్ తలుపులు మూసుకుంది. రోజుకు వంద డాళ్లు, మూడు వందల కత్తులు చేశారు. యంత్రాల తాళ్లకు ఆడవాళ్లు జుట్టు కోసి ఇచ్చారు. మూడేళ్లు నిలబడి 146లో కాలిపోయింది.

ఆ మూడు వందల మంది పిల్లలను రోమ్‌కు తీసుకెళ్లి, ‘పదహారు’ అనే తరగతి భారీ యుద్ధనౌక కోసం కట్టిన కొట్టంలో అందరినీ కలిపి మూసి ఉంచారని రాసినవాడు పాలీబియస్. అలాంటి నౌక మీదే, మాసిడోనియా రాజు పెర్సియస్‌ను ఓడించిన సేనాని పాలస్ 167లో టైబర్ నదిలో ఎదురెక్కి వచ్చాడు. అదే విజయం తరవాత గ్రీసు నుంచి వెయ్యి మందిని బందీలుగా రోమ్‌కు తరలించారు. వాళ్లలో పాలీబియస్ ఒకడు. పదిహేడేళ్లు ఉండి, 150లో విడుదలై ఇంటికి వెళ్లాడు. ఆ వెయ్యి మందిలో అప్పటికి మిగిలింది మూడు వందల మంది.

మరుసటి ఏడు, రోమ్‌ను ఏలే ఇద్దరు కాన్సుల్‌లలో (ఏటేటా ఎన్నికయ్యే అధినేతలలో) ఒకడైన మనీలియస్ అతన్ని లిలిబేయమ్‌కు రమ్మని కబురు పంపాడు. పాలీబియస్ బయలుదేరి కోర్సైరా (నేటి కోర్ఫు) దీవి దాకా వచ్చాడు. అక్కడ కాన్సుల్‌ల ఉత్తరం అందింది: కార్తేజ్ బందీలనందరినీ అప్పగించింది, అన్నిటికీ సిద్ధంగా ఉంది. పిల్లలను ఇచ్చేశారంటే యుద్ధం ముగిసినట్టేనని అతను అనుకున్నాడు. ఓడను వెనక్కి, ఇంటివైపు తిప్పించాడు.